ముందు టైరు, తర్వాతే ఎత్తు

మా బావమరిది ఈ మధ్య ఒక ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నాడు. 2021 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్, సెకండ్ హ్యాండ్. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో వాళ్లింటి డ్రైవ్‌వేలో దాన్ని నిలబెట్టి ఇద్దరం టేపు పట్టుకుని కొలిచాం. నేల నుంచి ముందు ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచుకి 37.5 అంగుళాలు. వెనక 39.5.

"చూడు బావా, ముక్కు ఎలా వాలిపోయి ఉందో. రెండంగుళాల లెవెలింగ్ కిట్ వేయించి 35 అంగుళాల టైర్లు ఎక్కిస్తే గానీ ఇది ట్రక్కులా కనిపించదు" అన్నాడు. లెవెలింగ్ కిట్ అంటే ముందు భాగాన్ని లేపి వెనకతో సమం చేసే సామాను. షాపువాళ్లు పంపిన కొటేషన్ కూడా ఫోన్లో చూపించాడు. సోమవారం అపాయింట్‌మెంట్.

దాన్ని రెండు వారాలు వాయిదా వేయించాను. నా పాత ట్రక్కుకి నేను సరిగ్గా ఇదే వరసలో చేయించి దెబ్బతిన్నాను. మొదట కిట్, తర్వాత ఆ ఎత్తుకి నప్పే టైర్లు, ఆఖర్న ఎప్పుడో "ఇంతకీ ఈ బండితో నాకు పనేమిటి" అన్న ఆలోచన. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఇప్పుడు పికప్‌లు కొంటున్నారు. కొన్న మూణ్ణెల్లకే అందరికీ వచ్చే కోరిక ఇది. కోరికలో తప్పు లేదు. వరసే తిరగబడాలి. ముందు పని, పనిని బట్టి టైరు, టైరుని బట్టి ఎత్తు.

అన్నిటికన్నా ముందు ఆ రెండంగుళాల వాలు సంగతి. వెనక భాగం ఎత్తుగా ఉండటం తయారీలో లోపం కాదు. ఎడ్లబండికి బస్తాలు వేసేటప్పుడు ఊళ్లలో రైతులు చూసుకునే లెక్కే ఇక్కడా ఉంది. బరువు మరీ వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. మరీ ముందుకి పడితే ఎడ్ల మెడలు నలిగిపోతాయి. పికప్‌కి బరువు పడేదే వెనక. వెనక సామాను వేసే బెడ్‌లో వెయ్యి పౌండ్ల సామాను వేసిన రోజు వెనక స్ప్రింగులు కుంగి బండి సమంగా నిలబడాలని, ఖాళీగా ఉన్నప్పుడే వెనక భాగాన్ని ఎత్తి పంపిస్తారు. ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. 5,000 పౌండ్ల ట్రైలర్ అంటే 500 నుంచి 750 పౌండ్లన్నమాట. అదీ వెనక ఇరుసుకి ఇంకా అవతల. ముందు భాగాన్ని లేపి సమం చేసుకున్న ట్రక్కుకి ఆ బరువు పడితే, ఇప్పుడు వాలు అటు తిరుగుతుంది. ముక్కు లేస్తుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు చక్రాలకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

ఇది ముదిరితే ఏమవుతుందో నార్త్ కరోలినాలో చూశారు. అక్కడ కుర్రాళ్లు ముందు భాగాన్ని బాగా లేపి, వెనక భాగాన్ని దించి తిరిగేవారు. 'కరోలినా స్క్వాట్' అనేవారు దాన్ని. ముందు ఏముందో డ్రైవరుకే కనిపించని పరిస్థితి. 2021 డిసెంబరు నుంచి ఆ రాష్ట్రంలో ముందు ఫెండర్ వెనక ఫెండర్ కన్నా 4 అంగుళాలు లేదా అంతకు మించి ఎత్తుగా ఉంటే చట్టవిరుద్ధం. ఆ తర్వాత వర్జీనియా, సౌత్ కరోలినా కూడా ఇలాంటి చట్టాలే తెచ్చాయి. మామూలు లెవెలింగ్ కిట్ అంత దూరం పోదు. కానీ నెలనెలా బోటు లాగేవాళ్లూ, కంకరో మట్టో మోసేవాళ్లూ ఆ వాలుని పూర్తిగా చంపేసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక టైరు. మా బావమరిది ట్రక్కు టైరు పక్కన 275/65ఆర్18 అని ఉంది. 275 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అంటే 179 మిల్లీమీటర్లు. 18 అనేది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. రిమ్ముకి పైనా కిందా ఉన్న రెండు సైడ్‌వాల్‌లు కలిపితే మొత్తం 815 మిల్లీమీటర్లు, 32 అంగుళాల పైచిలుకు. అదే రిమ్ము మీద 275/70ఆర్18 వేస్తే 842 మిల్లీమీటర్లు, 33.2 అంగుళాలు. 285/75ఆర్18 అయితే 885 మిల్లీమీటర్లు, 34.8 అంగుళాలు. దాన్నే షాపుల్లో 35 అంటారు. పలకడానికి గుండ్రటి అంకెలు బాగానే ఉంటాయి గానీ, కొనేముందు ఇలా ఒకసారి లెక్క వేసుకోవాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. టైరు వ్యాసం ఎంత పెరిగినా, ఇరుసు నేలకి దూరమయ్యేది అందులో సగమే. 32 నుంచి 33.2కి వెళ్తే దక్కేది అరంగుళం. 35కి వెళ్తే ఒకటిన్నర అంగుళం కూడా రాదు. మరి లెవెలింగ్ కిట్ ఏం చేస్తుంది? ముక్కుని లేపుతుంది. ఎత్తయిన గట్టు ఎక్కేటప్పుడు బంపర్ తగలకుండా కాపాడుతుంది. కానీ వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా కిందకి వేలాడే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల డబ్బా) ఉంది చూశారా, రాళ్ల దారిలో ముందుగా దెబ్బ తినేవాటిలో అదొకటి. దాన్ని కిట్ వెంట్రుకవాసి కూడా లేపదు. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. ఎత్తు కావాలనుకునేవాళ్లు టైరు దగ్గర మొదలుపెట్టాలని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

పెద్ద టైరులో నాకు నిజంగా నచ్చేది ఎత్తు కాదు, సైడ్‌వాల్. కార్పస్ క్రిస్టీ అవతల పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌లో ఇసుక మీద బండి నడపొచ్చు. కొన్ని మైళ్లు దాటాక ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్లొద్దంటారు. అక్కడికి వెళ్లినప్పుడు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా దించుతాం. గాలి దించిన టైరు ఇసుక మీద వెడల్పుగా, పొడవుగా పరుచుకుంటుంది. కూరుకుపోయే ఇసుకలోనే మెల్లగా ఈదుకుంటూ పోతుంది. సైడ్‌వాల్ ఎత్తుగా ఉంటేనే ఆ పరుచుకోవడానికి చోటు. అందుకే 20 అంగుళాల రిమ్ముల కన్నా 18, 17 అంగుళాల రిమ్ములే ఈ పనికి మంచివి. గుంటల రోడ్డు మీద కూడా తేడా నడుముకి తెలుస్తుంది.

ఇప్పుడు దానికి చెల్లించాల్సిన మూల్యం. చక్రం పెద్దదైతే ఇంజిను దాన్ని తిప్పడానికి ఎక్కువ కష్టపడాలి. మా బావమరిది ట్రక్కు వెనక ఇరుసు గేర్ రేషియో 3.55, అంటే చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు 3.55 సార్లు తిరగాలి. ఈ అంకె తగ్గేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. 33 టైరు వేస్తే అది 3.43లా పనిచేస్తుంది. 35 వేస్తే 3.27లా. ఎఫ్-150లో మైలేజీ కోసం ఇచ్చే 3.31 రేషియో కన్నా కూడా అది మందకొడి. గేర్‌బాక్సు మాటిమాటికీ కింది గేర్‌కి దిగుతుంది. ఎదురుగాలిలో ట్రైలర్ లాగుతుంటే ఆ వెతుకులాట స్పష్టంగా వినిపిస్తుంది.

దీనికి సాక్ష్యం ఫోర్డ్ వాళ్ల దగ్గరే ఉంది. అదే 2021 ఎఫ్-150లో 'ట్రెమర్' అనే రకానికి కంపెనీయే 275/70ఆర్18, అంటే 33 అంగుళాల టైర్లు వేసింది. దానితోపాటు గేర్ రేషియోని 3.73కి పెంచింది, సస్పెన్షన్‌ని మార్చింది. 35 అంగుళాల టైర్లు కావాలంటే 'రాప్టర్' ఉంది. దానికి 4.10 గేర్లు, వెడల్పు ఫెండర్లు, పూర్తిగా వేరే సస్పెన్షన్. 33 దాకా మామూలు ట్రక్కు ఒంటికి సర్దుకుంటుంది. 35కి వెళ్లాలంటే బండినే వేరేగా కట్టాలని ఆ ఇంజినీర్లు మనకి చెబుతున్నట్టే. వంద డాలర్ల స్పేసరు (లెవెలింగ్ కిట్‌లో వచ్చే బిళ్ల) పెట్టి ఆ తేడా పూడ్చగలమనుకోవడం తప్పు.

స్పీడోమీటరు కూడా మారిపోతుంది. 33 టైర్లతో మీటరు 60 చూపిస్తుంటే అసలు వేగం 62. 35 టైర్లతో 65. టోల్‌వే మీద అప్పటికే 75లో పోతున్నవాళ్లకి ఇది చిన్న తేడా కాదు. ఓడోమీటరు కూడా తక్కువే చూపిస్తుంది కాబట్టి, మైలేజీ పడిపోయిందని బెంగపడేవాళ్లు ముందు ఆ మూడున్నర శాతం కలుపుకుని లెక్క చూసుకోవాలి. ఫోర్డ్ ట్రక్కులకైతే ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొత్త టైరు చుట్టుకొలత కంప్యూటరుకి చెప్పుకోవచ్చు. లేదంటే డీలరు దగ్గర చేయించుకోవాలి. ఇది స్పీడు చూసుకోవడానికి మాత్రమే కాదు, గేర్లు ఎప్పుడు మార్చాలో నిర్ణయించే లెక్కల్లోనూ ఆ కొలత ఉంటుంది.

నిజమైన మైలేజీ నష్టం మాత్రం బరువు వల్ల వస్తుంది. ఆల్-టెర్రెయిన్ రకంలో బలమైన 33 టైరు, కంపెనీ టైరు కన్నా ఒక్కోటి 15 పౌండ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బెడ్‌లో పెట్టిన 60 పౌండ్లు వేరు, చక్రాల్లో తిరిగే 60 పౌండ్లు వేరు. తిరగలి తిప్పినవాళ్లకి తెలుసు: కదిలించడానికే బలమంతా కావాలి, తిరిగేదాన్ని ఆపడానికీ అంతే. ప్రతి సిగ్నల్ దగ్గరా ట్రక్కు ఆ తిరగలిని కదిలిస్తూ, ఆపుతూ ఉంటుంది. బ్రేకులు మాత్రం పాతవే.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే విషయం గాలి. దీన్ని గురించి షాపుల్లో చెప్పేవాళ్లు తక్కువ.

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. ఏ సైజు టైరుకి ఎంత గాలి, బండి మొత్తం మీద మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మోయొచ్చు అని. మా బావమరిది ట్రక్కుకి 35 పీఎస్‌ఐ అని ఉంది. ఆ అంకె పాత టైరుకి. పాత టైరు లోడ్ ఇండెక్స్ 116, అంటే 2,756 పౌండ్లు. ఇప్పుడు 275/70ఆర్18లోనే పేరు ముందు 'ఎల్‌టీ' (లైట్ ట్రక్) అని, లోడ్ రేంజ్ 'ఇ' అని రాసి ఉండే రకం చూడండి. 80 పీఎస్‌ఐ గాలి పట్టే టైరది, నిండా గాలి కొడితే 3,600 పౌండ్ల పైన మోస్తుంది. అది విని "ఇక ట్రక్కు ఎంతైనా మోస్తుంది" అనుకుంటారు. రెండు రకాలుగా పొరపాటు. ఒకటి, ట్రక్కు మోయగలిగే బరువు స్ప్రింగులు, ఇరుసు, బ్రేకులు అన్నీ కలిసి తేల్చేది. పెద్ద టైరు వేస్తే అది పెరగదు సరికదా, టైరు అదనపు బరువంతా అందులోంచే పోతుంది. రెండోది మరీ ముఖ్యం. ఎల్‌టీ టైరు మందం ఎక్కువ, అదే గాలి దగ్గర అది మామూలు టైరు కన్నా తక్కువ బరువే మోస్తుంది. పాత టైరు 35 దగ్గర మోసిన బరువుని ఇది మోయాలంటే 45-50 పీఎస్‌ఐ కావాలి. టైరు కంపెనీలు ఇచ్చే లోడ్ పట్టికలో మీ సైజు చూసుకుని ఖరారు చేసుకోవాలి.

షాపులో చాలాసార్లు స్టిక్కరు చూసి 35 కొట్టి పంపేస్తారు. అప్పుడు ఆ టైరు గాలి తక్కువతో నడుస్తున్నట్టే. గాలి తగ్గితే హెచ్చరించే లైటు ఉంది కదా అంటారా? ఆ లైటు వెలగడానికి చట్టం పెట్టిన గీత, స్టిక్కరు మీది అంకె కన్నా 25 శాతం తక్కువ. అంటే 26 దగ్గర. 48 ఉండాల్సిన టైరులో 30 ఉన్నా లైటు వెలగదు.

ఆ 26 అంకె అమెరికాలో టైర్ల సంగతి తెలిసినవాళ్లెవరూ మర్చిపోలేరు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లని వెనక్కి తీసుకుంది. వాటిలో చాలా టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవి. ఎక్స్‌ప్లోరర్‌కి ఫోర్డ్ సిఫార్సు చేసిన గాలి 26 పీఎస్‌ఐ. టైరు తయారీలో లోపం, దానికి తోడు తక్కువ గాలి, వేసవి ఎండ, హైవే వేగం, బరువు. నడుస్తుండగానే ట్రెడ్ (నేలని తాకే పై పొర) ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 200 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే అమెరికా కాంగ్రెస్ 'ట్రెడ్ యాక్ట్' అనే వాహన భద్రత చట్టం తెచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి తయారైన ప్రతి కారులోనూ, తేలికపాటి ట్రక్కులోనూ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి కావడం ఆ చట్టం ఫలితమే. గాలి తక్కువైన టైరు నడుస్తున్నంతసేపూ సైడ్‌వాల్ వంగుతూ, లేస్తూ లోపల వేడెక్కుతుంది. ఆగస్టులో టెక్సస్ రోడ్ల వేడికి అది తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. టైరు ఎంచుకోవడంలో మీరు ఒక్క విషయమే పట్టించుకోగలిగితే, ఇది పట్టించుకోండి.

ట్రైలర్లు, రాళ్ల దారులు లేనివాళ్లకి ఎల్‌టీ అక్కర్లేదు. 275/70ఆర్18లోనే ఎల్‌టీ కాని రకం దొరుకుతుంది, లోడ్ ఇండెక్స్ కూడా అదే 116. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది.

టైరు తేలాక, అది పడుతుందా లేదా అన్న ప్రశ్న. టైరు రాసుకునేది పైన ఫెండర్‌కి అనుకుంటారు. నిజానికి ఎక్కువగా రాసుకునేది స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, చక్రం వెనక వైపు ప్లాస్టిక్ లైనర్‌కి, ముందు బంపర్ మూలకి. ముక్కు లేపితే పైన చోటు పెరుగుతుంది గానీ ముందూ వెనకా పెరిగేది తక్కువే. పైగా పెద్ద గుంటలో పడితే సస్పెన్షన్ పూర్తిగా కుదించుకుపోయి చక్రం పైకి వస్తుంది. అప్పటికి మీరు వేసిన ఎత్తు చాలావరకు కరిగిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు కనిపించే ఖాళీని నమ్ముకోకూడదు.

దీనికి తోడు చాలామంది బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయిస్తారు. రిమ్ము మధ్య గీతకీ, హబ్‌కి బిగించే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. ఎఫ్-150కి కంపెనీ ఇచ్చేది ప్లస్ 44 మిల్లీమీటర్లు. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు అది గీసే వంపు పెద్దదై, లోపల తగలని టైరు కూడా బంపర్‌కి తగులుతుంది. హబ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ చేతిని లాగుతుంది. పాత రిమ్ముల మీదే టైరు వేసుకుంటే సగం తలనొప్పులు ఉండవు, డబ్బులూ మిగులుతాయి.

ఇక లెవెలింగ్ కిట్. ముందు సస్పెన్షన్‌లో స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసిన భాగం) పైన బిగించే ఒక అల్యూమినియం బిళ్లనే చాలాచోట్ల కిట్ అంటారు. డబ్బా తెరిచి చూస్తే బిళ్ల మందం అంగుళం చిల్లరే ఉంటుంది, డబ్బా మీద మాత్రం రెండంగుళాలని రాసి ఉంటుంది. మోసం కాదు. ఏతాం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. దుంగ మీద మనిషి నాలుగడుగులు వేస్తే, చివరన బాన ఎంత లోతుకి దిగుతుందో గుర్తుందా? స్ట్రట్ కింది కొస, చక్రాన్ని బండికి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం ఆ ఆర్మ్ చివర్న. మధ్యలో అంగుళం కదిపితే చివర్న దాదాపు రెండంగుళాలు కదులుతుంది.

ఆ ఏతాం సూత్రమే రెండోవైపు కీడు కూడా చేస్తుంది. కంట్రోల్ ఆర్మ్‌లు ఇప్పుడు కిందకి వంగి నిలబడ్డాయి. బాల్ జాయింట్లు తమ కదలిక హద్దుకి దగ్గరయ్యాయి. ముందు చక్రాలకి శక్తినిచ్చే సీవీ యాక్సిల్‌లు పదునైన కోణంలో తిరుగుతున్నాయి. ఆ కోణంలో ఏళ్ల తరబడి తిరిగితే రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు బయటికి చిమ్ముతుంది. చక్రం కిందకి దిగడానికి మిగిలిన దూరం తగ్గిపోతుంది కాబట్టి, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు 'టక్'మని ఒక లోహపు చప్పుడు వస్తుంది. ఒకటిన్నర అంగుళాల దగ్గర ఇవన్నీ సర్దుకునే స్థాయిలోనే ఉంటాయి. రెండున్నర దాటితే పై కంట్రోల్ ఆర్మ్‌లు కూడా మార్చాల్సిన పని పడుతుంది. స్పేసరు కాకుండా, ఎత్తు సర్దుకునే వీలున్న షాకబ్జార్బర్లు వేయించుకుంటే ఖర్చు కొన్ని వందలు పెరుగుతుంది గానీ, నడక బాగుంటుంది. బడ్జెట్ ఉంటే నేను అటే మొగ్గుతాను. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ ట్రక్కుల వాళ్లు మాత్రం ఈ బిళ్లల జోలికి పోవద్దు. వాటి ఎత్తుని సెన్సర్లు చూసుకుంటాయి, ఆ లెక్క వేరు.

నా పాత ట్రక్కుకి రెండున్నర అంగుళాల స్పేసర్లు వేసిన షాపువాళ్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయలేదు. "కొన్నాళ్లు నడిపి, స్ప్రింగులు కుదురుకున్నాక రండి" అన్నారు. నేనూ పనుల్లో పడి మర్చిపోయాను. ఆరు వేల మైళ్ల తర్వాత ఒకరోజు కార్ వాష్‌లో వంగి ముందు టైరు మీద అరచేయి పెట్టి అడ్డంగా నిమిరాను. ఒకవైపుకి నున్నగా జారింది. వెనక్కి నిమిరితే రంపపు పళ్లలా గీరుకుంది. ట్రెడ్ ముక్కల అంచులన్నీ ఒకే వైపుకి సానపట్టినట్టు అరిగిపోయాయి. టో, అంటే చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పితే టైరు అలా అవుతుంది. చక్రం దొర్లడంతోపాటు ప్రతి మైలూ కొంచెం పక్కకి ఈడ్చుకుపోతుందన్నమాట. లోపలి అంచున దారాలు కనిపించడానికి ఎంతో దూరం లేదు. నాలుగు కొత్త టైర్లలో రెండు పారేశాను. ముక్కు లేపితే క్యాంబర్, క్యాస్టర్, టో అనే చక్రాల కోణాలు మూడూ మారతాయి. అలైన్‌మెంట్ అదే రోజు జరగాలి. కొలతల కాగితం ముందూ తర్వాతా రెండూ అడిగి తీసుకోవాలి. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ ఉన్న ట్రక్కులకి వాటి గురి కూడా సరిచూపించుకోవాలి.

స్పేర్ టైరు సంగతి కూడా. నాలుగు 33లు వేసి, కింద పాత 32 వేలాడుతుంటే, పంక్చరైన రోజు ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు వ్యాసాలు తిరుగుతాయి. డిఫరెన్షియల్ అదేపనిగా పనిచేస్తూ వేడెక్కుతుంది. ఆ స్థితిలో ఫోర్ వీల్ వేయకూడదు. వీలైతే అయిదు టైర్లు కొనండి. బెడ్ కింద కొత్తది పడుతుందో లేదో ముందే కొలుచుకోండి.

వారంటీ పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయటి సామాను వేసుకున్నారన్న ఒక్క కారణంతో డీలరు మొత్తం వారంటీని కొట్టేయలేడు. పాడైన భాగానికీ, మీరు వేసిన సామానుకీ సంబంధం ఉండాలి. కాబట్టి రేడియో పాడైతే వాళ్లు బాగు చేయాల్సిందే. సీవీ యాక్సిల్ పోతే మాత్రం వాదన మీవైపు బలంగా ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పుల సంగతి చెప్పి ఉంచడం మంచిది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బండ్లకి ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే మిగిలింది. టైరు ఎంత అరిగిందో ఏడాదికోసారి చూసే కన్ను ఇప్పుడు లేదు. మనమే చూసుకోవాలి.

తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్ కొన్న మా పెదనాన్న కొడుకు, బావమరిది ట్రక్కు ఫొటోలు చూసి తనూ చేయిస్తానన్నాడు. అక్కడి చట్టం వేరని చెప్పాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక్కడి పద్ధతి అక్కడికి నడవదు.

రెండు వారాల తర్వాత మా బావమరిది తన లెక్క తనే చెప్పాడు. రోజూ టోల్‌వే మీద ఆఫీసు. నెలకోసారి ఓక్లహోమాలో బ్రోకెన్ బో, క్యాబిన్ల దాకా కంకర రోడ్డు. ఏడాదికి రెండుసార్లు స్నేహితుడి బోటు. "దీనికి 35 దండగ బావా" అన్నాడు. 275/70ఆర్18, ఎల్‌టీ కానివి, అయిదు తీసుకున్నాడు. ముందు టైర్లు మాత్రమే వేయించాం. డ్రైవ్‌వేలో ఆ టైర్ల భుజాలకి పిల్లల రంగు సుద్దముక్క బాగా రుద్ది, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, ముందుకీ వెనక్కీ నడిపాడు. లైనర్ లోపల టార్చి వేసి చూస్తే సుద్ద అంటలేదు. అంటే కిట్ అవసరం లేదు.

"అవసరం లేదు నిజమే. కానీ ఆ ముక్కు వాలు నాకు నచ్చదు బావా, రోజూ చూసేది నేనే కదా" అన్నాడు. అదీ సరైన కారణమే. తన బండి తనకి అందంగా కనిపించాలనుకోవడంలో తప్పేముంది? ఒకటిన్నర అంగుళం చాలన్నాను. బోటు కోసం అరంగుళం వాలు మిగిలింది. అలైన్‌మెంట్ అదే రోజు అయింది, రెండు కాగితాలూ గ్లవ్ బాక్సులో ఉన్నాయి.

కిట్, టైర్లు ఏవీ వేయకముందే ఒక పని చేసి ఉంచాం. చీకటి పడ్డాక ట్రక్కుని గ్యారేజీ తలుపుకి 25 అడుగుల దూరంలో నిలబెట్టి, హెడ్‌లైటు వెలుగు పై అంచు ఎక్కడ పడుతుందో అక్కడ తలుపు మీద నీలం రంగు టేపు అతికించాం. అన్నీ అయ్యాక మళ్లీ అదే చోట నిలబెడితే వెలుగు టేపుకి దాదాపు అయిదంగుళాలు పైన పడింది. అందులో రెండంగుళాలు లైటే పైకి లేచినందుకు. మిగతా మూడు, బండి కోణం మారినందుకు. 145 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) మీద ముందు ఒకటిన్నర అంగుళం లేచిందంటే, 200 అడుగుల దూరంలో ఆ వెలుగు రెండడుగులు పైకి పోతుంది. ఎదురుగా వచ్చే చిన్న కారు డ్రైవరు కళ్లలోకి.

హుడ్ ఎత్తి, ఒక్కో లైటు వెనక ఉండే స్క్రూని మా బావమరిది తిప్పుతుంటే, నేను తలుపు దగ్గర నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాను. టేపుకి రెండంగుళాల పైన గీత ఆగింది. అటువైపు లైటు కూడా అక్కడికే తెచ్చి, హుడ్ వేసేశాం.